కట్ట కరిగిపోయిన చెరువు

మా ఇంట్లో కరెంటు బిల్లులు ఎగిరిపోకుండా పెట్టే రాయి ఒకటి ఉంది. జానెడు పొడవు, రోకలి ముక్కలా గుండ్రం. రంగు చెప్పమంటే కష్టం, నానిన పెసరపొట్టులా ఉంటుంది. అడ్డంగా సన్నటి పొరలు, ఒకటి లేత, ఒకటి ముదురు. హనుమకొండలో మా ఇంటికి వచ్చేవాళ్లలో ఎక్కువమంది దాన్ని విరిగిన సిమెంటు పైపు ముక్క అనుకుంటారు. పోయిన ఎండాకాలం నా చిన్ననాటి దోస్తు వచ్చాడు. జూనియర్ కాలేజీలో జాగ్రఫీ చెబుతాడు కాబట్టి వాడు ఆ రాయిని ఊరికే వదల్లేదు. కళ్లద్దాలు నుదుటి మీదికి జరిపి, అగ్గిపుల్లతో ఒక్కో పొర దాటుతూ లెక్కపెట్టాడు. చాయ్ మీద మీగడ కట్టింది.

"43 జతలు రా," అన్నాడు. "అంటే 43 ఏండ్ల చెరువు నీ టేబుల్ మీద పడి ఉంది. నువ్వేమో దాని కింద కరెంటు బిల్లు పెట్టినవ్."

"43 జతలు నిజమే. ఏండ్లని ఎవరు చెప్పిన్రు?"

ఆ మాటతో మొదలైన పంచాయితీ ఇంకా తెగలేదు. వాడు క్లాసులో పిల్లలకు ఆ 43 ఏళ్ల కథ చెప్పేశాడని తెలిశాక, ఫోన్లో వాదించే ఓపిక లేక ఇది రాస్తున్నాను.

ముందు ఆ రాయి సంగతి. బొగ్గు కోసం బోర్లు వేసే ఒక కాంట్రాక్టరు దగ్గర నేను 11 ఏళ్లు పనిచేశాను. ములుగు, భూపాలపల్లి అడవులు, గోదావరి అవతల మంచిర్యాల వైపు. మిషన్ భూమిలోంచి కడ్డీలా పైకి తెచ్చే రాతిని కోర్ అంటారు. దాన్ని బాక్సుల్లో వరుస తప్పకుండా పేర్చి, ఎన్నో మీటరులో ఏ రాయి వచ్చిందో రాయడం నా పని. ఇసుకరాయి, బొగ్గు, మళ్లీ ఇసుకరాయి, మళ్లీ బొగ్గు. ఇలా పోయి పోయి బొగ్గు పొరలన్నీ దాటాక ఒకచోట కోర్ రంగు మారుతుంది. డ్రిల్లర్ అక్కడి నుంచే కేకేసేవాడు, "సార్, పచ్చది తగిలింది!" అంతే, ఆ బోరు అయిపోయినట్టే. ఇంకో రెండు మూడు మీటర్లు చూసి రాడ్లు పైకి లాగేస్తారు. పచ్చ రాయి కింద బొగ్గు ఉండదు, బొగ్గు లేని రాతికి మీటరుకు ఇంతని లెక్కగట్టి డబ్బులు ఇచ్చేదెవరు?

ఆ పచ్చ రాయి పేరు తాల్చిర్. ఒడిశాలోని తాల్చేర్ ఊరి నుంచి వచ్చిన పేరు. 1856లో బ్లాన్‌ఫోర్డ్ అన్నదమ్ములు, థియోబాల్డ్ అనే ఇంకొకాయన అక్కడి బొగ్గు నేలను సర్వే చేస్తుంటే, మెత్తటి బురదరాయిలో పెద్ద పెద్ద బండలు ఇరుక్కుని కనిపించాయి. నీళ్లు ఇలా చెయ్యవు. పారే నీళ్లు చేటతో చెరిగినట్టు బండను ఒకచోట, ఇసుకను ఒకచోట, బురదను ఇంకా దూరంగా వేరుచేస్తాయి. మంచుకు చెరగడం రాదు. దొరికిందంతా మూటగట్టి మోస్తుంది, కరిగినచోట కుమ్మరిస్తుంది. ఒడిశా ఎండలో నిలబడి "ఇది మంచు పని" అనడానికి ఆ రోజుల్లో ధైర్యం కావాలి. వాళ్లు అన్నారు. తర్వాత 1875లో ఫెడెన్ అనే ఆయన చంద్రపూర్ వైపు, పెన్‌గంగ దగ్గర ఇరై అనే చోట, ఈ బండల పొర కింద ఉన్న పాత రాతినేల మీద గీతలు చూశాడు. ఇసుక కాగితంతో రుద్దినట్టు నున్నటి రాయి, దాని మీద ఒకే దిక్కుకు సాగిన గాట్లు. అడుగున రాళ్లు ఇరికించుకున్న మంచు నేల మీద ఈడ్చుకుంటూ పోతే పడే గాట్లవి. పెన్‌గంగ అంటే మన ఆదిలాబాద్ సరిహద్దే కదా. మంచుకు సరిహద్దులు తెలియవు.

ఇదంతా సుమారు 30 కోట్ల ఏళ్ల కిందటి మాట. అప్పుడు మన నేల అంటార్కిటికా, ఆఫ్రికా, ఆస్ట్రేలియాలతో అతుక్కుని దక్షిణ ధ్రువం వైపు ఉండేది. ఆ మహాఖండాన్ని ఇప్పుడు ప్రపంచమంతా గోండ్వానా అంటుంది. 1872లో మెడ్లికాట్ అనే భూగర్భ శాస్త్రవేత్త ఇక్కడి రాళ్లకు గోండుల రాజ్యం పేరు పెట్టాడు, అది అలా అలా దక్షిణ ధ్రువం దాకా పోయింది. కేస్లాపూర్ నాగోబా జాతరకు పోయినప్పుడల్లా నాకు ఈ సంగతి గుర్తొస్తుంది. అక్కడ ఎవరికైనా చెబితే నవ్వుతారు.

ఇంతవరకు నా దోస్తుకూ నాకూ తేడా లేదు. మంచు ఉంది, కరిగింది, ముందు పల్లంలో నీళ్లు నిలిచాయి, ఆ నీటి అడుగున బురద పేరుకుంది, ఆ బురదే ఈ రాయి. వాడు బోర్డు మీద ఈ బొమ్మ చాలా బాగా గీస్తాడు. వెనక తెల్లటి మంచుగోడ, ముందు నీలం రంగు సరస్సు, అందులో తేలే మంచుగడ్డలు. నా పేచీ ఆ బొమ్మతోనే. అందులో రాయి చెప్పింది ఎంత, మనం కలిపింది ఎంత?

వాడి లెక్కకు ఆధారం లేకపోలేదు. స్వీడన్‌లో డి గీర్ అనే ఆయన 1878లో బంకమట్టి గట్లలో ఇలాంటి జతజత పొరలు గమనించాడు. వాటికి వార్వ్ అని పేరు, వాళ్ల భాషలో చుట్టు, ఆవృత్తి అని అర్థం. ఎండాకాలంలో మంచు కరిగి నీళ్లు జోరుగా వస్తాయి, సన్నిసుక, ఒండ్రు తెస్తాయి, లేత పొర పడుతుంది. చలికాలంలో సరస్సు పైన గడ్డకడుతుంది. గాలి తగలదు, అల ఉండదు, కొత్త నీరు రాదు. నీళ్లలో వేలాడుతున్న అతి సన్నని మన్ను నెమ్మదిగా దిగి ముదురు పొర అవుతుంది. ఒక లేత, ఒక ముదురు కలిస్తే ఒక ఏడాది. చెట్టు కాండంలో వలయాల్లాగే.

డి గీర్ ఒక్క గట్టును చూసి లెక్క తేల్చలేదు. 1905 వేసవిలో విద్యార్థులను వెంటేసుకుని ఇటుక బట్టీల గుంతలు, రైలు కట్టల కోతలు అన్నీ తిరిగించాడు. గట్టును నున్నగా చెక్కి, కాగితపు పట్టీ ఆనించి, ఒక్కో పొర మందం దాని మీద గుర్తు పెట్టుకుని, ఆ పట్టీని పక్క ఊరి పట్టీతో సరిచూశారు. సన్నం, లావు, లావు, మరీ సన్నం అనే వరుస రెండుచోట్లా ఒకేలా వస్తేనే అవి అవే ఏళ్లు. అలా మంచు వెనక్కి పోయిన దారంతా ఊరికి ఊరు ముడివేసుకుంటూ నడిచారు. ఆ లెక్కను నేటి రోజుకు కలపడానికి ఆయన పట్టుకున్న తీగల్లో ఒకటి రాగుండా సరస్సు. 1796లో అక్కడ ఒక ఆసామి కలప దుంగలు జలపాతం తగలకుండా కిందికి పోవాలని పక్కనుంచి కాలువ తవ్వాడు. వరద వచ్చి కాలువ కాస్తా గండి అయింది, పెద్ద సరస్సు నాలుగు గంటల్లో ఖాళీ. అడుగు బురద అంతా బయటపడింది. సరస్సు చచ్చిన తేదీ తెలుసు కాబట్టి అక్కడి నుంచి వెనక్కి లెక్కపెట్టొచ్చు. ఇంత జాగ్రత్త పడ్డాక కూడా, ఆ లెక్కలో కొన్ని వందల ఏళ్లు తప్పిపోయాయని తర్వాతి తరం తేల్చింది.

మరి మా వాడు అగ్గిపుల్లతో లెక్కపెట్టాడు.

పొర అంటే ఏడాది అనే మాట ఎక్కడ తప్పుతుందో చూడటానికి స్వీడన్ పోనక్కర్లేదు, ములుగు పోతే చాలు. 2023 జూలై 27 పొద్దుటికి ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటలో 24 గంటల్లో 649.8 మిల్లీమీటర్ల వాన పడింది. రాష్ట్రంలో అంతకు ముందెన్నడూ అంత వాన నమోదు కాలేదు. అదే రోజు మోరంచవాగు పొంగి మోరంచపల్లిని ముంచేసింది. ఆ తర్వాతి ఎండాకాలం అటువైపు ఒక చిన్న చెరువులో మట్టి తీస్తుంటే చూడటానికి పోయాను. జేసీబీ నిలువుగా కోసిన చోట గట్టు చక్కగా కనబడుతోంది. పైన బెత్తెడు మందంలో వరద పొర. అడుగున గరుకు ఇసుక, దాని మీద సన్నిసుక, ఆ పైన మెత్తటి బంక, మళ్లీ సన్నిసుక, మళ్లీ బంక. అలా నాలుగు జతలు. ట్రాక్టర్ డ్రైవర్‌ను అడిగాను, అంతకు ముందు ఏడాది ఎండాకాలంలో చెరువు అడుగు ఎక్కడ ఉండేదని. గడ్డివేర్లు ఉన్న నల్లటి గీతను చూపించాడు, నాలుగు జతలూ దాని పైనే ఉన్నాయి. ఆ రాత్రి వాన తెరలు తెరలుగా పడింది, వాగు తెరలు తెరలుగా వచ్చింది. మన దోస్తు అగ్గిపుల్ల పట్టుకుని వస్తే ఆ గట్టులో నాలుగేళ్లు లెక్కపెట్టి పోయేవాడు. అక్కడ ఉన్నది మహా అయితే ఒకటి రెండు రోజులు.

మంచు సరస్సులోనూ ఇదే జరుగుతుంది. గట్టు జారినా, మంచు కింద దాగిన నీళ్లు ఒక్కసారి తెగి వచ్చినా, ఇసుక నీళ్లు బరువుగా అడుగు పట్టుకుని పాకుతూ పోయి ఒక జతను పరిచేస్తాయి. కొన్ని గంటల పని. కంటికి అది ఏడాది పొరలాగే ఉంటుంది. తేడా పట్టడానికి ఒక చిన్న ఉపాయం ఉంది. నిజంగా ఏడాది పొరలైతే, చలికాలపు బంక పొర మందానికి ఎండాకాలపు ఒండ్రు పొర మందంతో పెద్దగా సంబంధం ఉండదు. ఎండాకాలం ఎంత జోరుగా గడిచినా చలికాలం చలికాలమే. వరద జతలో అలా కాదు. ఎక్కువ ఇసుక తెచ్చిన వరద ఎక్కువ బంకనూ తెస్తుంది, రెండూ కలిసి లావవుతాయి. పైగా ఇసుక బంకగా మారేచోట గీత తెగినట్టు ఉండదు, మెల్లగా కలిసిపోతుంది.

ఒక ఆదివారం వెర్నియర్ పట్టుకుని, భూతద్దం పెట్టుకుని, నా రాయిలోని 43 జతలనూ కొలిచాను. మా ఆవిడ రెండుసార్లు వచ్చి చూసి ఏమీ అనకుండా పోయింది. కింది సగంలో లేత పొర లావైన ప్రతిచోటా ముదురు పొర కూడా లావుగానే ఉంది, గీత కూడా మెత్తగా కలిసిపోయింది. పైసగంలో కొన్నిచోట్ల మాత్రం ముదురు పొరలు ఒకే మందంలో, కత్తితో కోసినట్టు వచ్చాయి. అంటే కొన్ని ఏడాది పొరలు కావచ్చు, కొన్ని వరదలు కావచ్చు. 43 అనేది ఏళ్ల సంఖ్య మాత్రం కాదు. ఇది వాడికి ఫోన్లో చెబితే, "నువ్వు ఎప్పుడూ ఇంతే, ఉన్న కథను చెడగొడతవ్," అన్నాడు.

కథ చెడగొట్టడం నా ఉద్దేశం కాదు. ఇంతకంటే పెద్ద ప్రశ్న ఇంకా మిగిలి ఉంది. అసలు అది చెరువేనా?

ఈ ప్రశ్న దగ్గర మహామహులే బోల్తాపడ్డారు. స్కాట్‌లాండ్‌లో గ్లెన్ రాయ్ అనే లోయ ఉంది. దాని రెండు వైపులా కొండల నడుం మీద మూడు గీతలు, పశువుల బాటల్లా, తాడు పట్టి గీసినట్టు సమంగా పోతాయి. సముద్రమట్టానికి 260, 325, 350 మీటర్ల ఎత్తుల్లో. పూర్వం రాజులు వేటకు వేసుకున్న బాటలని అక్కడివాళ్లు చెప్పుకునేవారు. చార్లెస్ డార్విన్ 1838లో పోయి చూసి, మరుసటి ఏడాది ఇవి సముద్రపు ఒడ్డులని రాశాడు. ఎందుకంటే ఆయన కొన్నేళ్ల ముందే దక్షిణ అమెరికాలో, చిలీ తీరంలో, నేల పైకి లేవడం, సముద్రపు గుల్లలు గట్టెక్కి కూర్చోవడం కళ్లారా చూసి వచ్చాడు. గ్లెన్ రాయ్‌లో ఒక్క గుల్ల కూడా దొరకలేదు. దొరకకపోవడానికి కూడా ఆయన కారణాలు చెప్పుకున్నాడు. మరి చెరువు అని ఎందుకు అనుకోలేదు? చెరువైతే కట్ట ఉండాలి కదా! ఆ లోయ కింది మూతి దగ్గర కట్ట ఆనవాలే లేదు.

1840లో లూయీ అగాసీ వచ్చి చూశాడు. ఆయన స్విట్జర్లాండ్ మనిషి, హిమానీనదాల మధ్య తిరిగినవాడు. కట్ట మంచుదే అన్నాడు. లోయ మూతికి మంచు అడ్డం పడింది, వెనక నీళ్లు నిలిచాయి, మంచు కరిగినప్పుడు నీళ్లతోపాటు కట్టా పోయింది.

కాకతీయుల చెరువుల మధ్య పెరిగిన మనకు దీని అసలు రుజువు ఇట్టే అర్థమవుతుంది. చెరువులో నీళ్లు ఏ మట్టం దాకా నిలుస్తాయి? మత్తడి ఎత్తు దాకా. అంతకు మించి ఎంత వాన పడినా మత్తడి దుంకి పోవాల్సిందే. పాకాలలో, రామప్పలో నీళ్లు ఏళ్లతరబడి ఒకే మట్టానికి వచ్చి ఆగితే గుట్టల అంచున గీత ఎక్కడ పడుతుందో మనకు ఒకరు చెప్పాలా! గ్లెన్ రాయ్‌లో ఒక్కో గీత ఎత్తుకూ సరిపోయే ఒక్కో కనుమ ఆ కొండల్లో ఉంది. ఆ కనుమలే మత్తళ్లు. మంచు కట్ట ముందుకు జరిగి ఒక కనుమను మూస్తే నీళ్లు ఇంకా ఎత్తైన కనుమ దాకా లేచాయి, వెనక్కి తగ్గితే కింది కనుమకు దిగాయి. సముద్రానికి మత్తడి ఎందుకుంటుంది? జేమీసన్ అనే ఆయన ఇవన్నీ తిరిగి చూసి వివరంగా తేల్చాక, డార్విన్ 1861లో భూగర్భ శాస్త్రవేత్త లయెల్‌కు రాసిన ఉత్తరంలో తన గ్లెన్ రాయ్ వ్యాసం మొదటి నుంచి చివరి దాకా ఒక మహా పొరపాటని ఒప్పుకున్నాడు. ఆ ఒక్క ఉత్తరం కోసమైనా నాకు డార్విన్ అంటే ఇష్టం.

డార్విన్‌కు తెలివి తక్కువై కాదు, ఆయన చిలీని చూసిన కళ్లతో స్కాట్‌లాండ్‌ను చూశాడు. మా వాడు స్వీడన్ పాఠం చదివిన కళ్లతో భూపాలపల్లిని చూస్తున్నాడు. నేనూ మత్తడిని చూసిన కళ్లతోనే చూస్తానేమో. అందుకే ఒక్క సాక్షి మాట మీద తీర్పు ఇవ్వొద్దని అంటున్నాను.

సాక్షులు ఎక్కువైతే తీర్పు ఎలా మారుతుందో బాల్టిక్ సముద్రం చూపిస్తుంది. యూరప్ మీది మంచు కరుగుతున్నప్పుడు అక్కడ మొదట మంచు ఆపిన మంచినీటి సరస్సు ఉండేది. సుమారు 11,700 ఏళ్ల కింద స్వీడన్ మధ్యలో మంచు కట్ట తెగి, దాని మట్టం దాదాపు 25 మీటర్లు పడిపోయింది. సముద్రం లోపలికి వచ్చింది. తర్వాత నేల పైకి లేచి దారి మూసుకుంది, మళ్లీ మంచినీటి సరస్సు. ఆ తర్వాత డెన్మార్క్ వైపు నుంచి మళ్లీ ఉప్పునీళ్లు. ఈ దశలకు యోల్డియా, ఆంకిలస్, లిట్టోరినా అని పెట్టిన పేర్లు రాజులవీ కాదు, ఊళ్లవీ కాదు. గుల్లలవీ నత్తలవీ. ఆంకిలస్ అనేది వేలిగోరంత మంచినీటి నత్త, మిగతా రెండూ ఉప్పునీటివి. గట్టులో ఏ పొరలో ఏ గుల్ల దొరికిందో చూసి, నీళ్లు ఎప్పుడు తియ్యగా ఉన్నాయో ఎప్పుడు ఉప్పగా ఉన్నాయో చెబుతారు. గుల్ల లేనిచోట డయాటమ్‌లను చూస్తారు. అవి గాజు చిప్పల్లాంటి పెంకులుండే, కంటికి కనబడని నాచు కణాలు. మంచినీటి జాతులు వేరు, ఉప్పునీటి జాతులు వేరు. పుప్పొడి రేణువులు చుట్టూ ఏ చెట్లున్నాయో చెబుతాయి. చిన్న దోమల్లాంటి పురుగుల లార్వా తల చిప్పలు వేసవి ఎంత చల్లగా ఉండేదో చెబుతాయి. వీటన్నిటికీ రేడియోకార్బన్‌తో వయసు కడతారు. ఒకరు తప్పు చెబితే ఇంకొకరు పట్టుకుంటారు.

మన తాల్చిర్ విషయంలో చిక్కేమిటంటే ఈ సాక్షుల్లో సగం మంది అప్పటికి పుట్టలేదు. డయాటమ్‌లు డైనోసార్ల కాలంలో గానీ రాలేదు. రేడియోకార్బన్ 50 వేల ఏళ్లు దాటితే చేతులెత్తేస్తుంది, ఇక్కడ కావలసింది 30 కోట్లు. మిగిలింది రాతి మీది గాట్లు, పొరల తీరు, కొద్ది ఆకు ముద్రలు, పుప్పొడి. లక్నోలోని బీర్బల్ సాహ్నీ సంస్థ వాళ్లు ఇలాంటి రాళ్లను ఆసిడ్‌లో కరిగించి, చివరికి మిగిలే పుప్పొడి రేణువులను సూక్ష్మదర్శినిలో చూసి ఏ పొర ఏ కాలానిదో చెబుతారు. బంకమట్టిలో బోరాన్ అనే మూలకం ఎంతుందో కూడా కొలుస్తారు. సముద్రపు నీటిలో బోరాన్ ఎక్కువ కాబట్టి సముద్రపు బురద దాన్ని ఎక్కువ పట్టుకుంటుంది. కానీ కోట్ల ఏళ్లు భూమి లోపల ఉడికిన రాయి తన మాట మార్చుకుని ఉండొచ్చు.

పైగా సముద్రం ఆ కాలంలో లోపలికి రాలేదని అనడానికి వీల్లేదు. మధ్యప్రదేశ్‌లో ఉమరియా దగ్గర, ఛత్తీస్‌గఢ్‌లో మనేంద్రగఢ్ దగ్గర ఈ తాల్చిర్ రాళ్లను ఆనుకునే సముద్రపు గుల్లలు దొరికాయి. మనేంద్రగఢ్‌లో ఇప్పుడు దాన్ని జాతీయ భూవైజ్ఞానిక స్మారకంగా కాపాడుతున్నారు. ఎక్కడో దేశం మధ్యలో సముద్రం! మరి గోదావరి లోయలోకి రాలేదా? నేను చూసిన కోర్లలో ఒక్క గుల్లా కనబడలేదు. అది ఎంత పనికొచ్చే సాక్ష్యం? మేము పచ్చ రాయి తగిలాక మూడు మీటర్లు కూడా తవ్వలేదు, చూసింది కూడా బొగ్గు కోసం వెతికే కళ్లతో. గుల్లలు లేవని నేను అనలేను, వెతకలేదనగలను. డార్విన్ దగ్గర ఈ రెండూ తారుమారయ్యాయి. ఆయన వెతికాడు, దొరకలేదు, అయినా ఆ మాటను లెక్కలోకి తీసుకోలేదు.

ఇక్కడ మా బావ గొంతు వినిపిస్తుంది. "30 కోట్ల ఏండ్ల కింద ఎవడు చూసిండు? అంతా అందాజా." మా బావతోనూ నాకు పేచీ ఉంది, దోస్తుతో ఉన్నదానికంటే పెద్దది. ఆయన పొలం హద్దు తగాదా వచ్చినప్పుడు తాత కాలంలో ఎవరు చూశారని అడగలేదు కదా. హద్దురాళ్లు వెతికించాడు, పాత పహాణీ తీయించాడు, చింతచెట్టు వయసు చెప్పే ముసలాయన్ని పిలిపించాడు. మూడూ ఒకే మాట చెప్పాయి, గెలిచాడు. అందాజా అన్నప్పుడల్లా ఆ చింతచెట్టును గుర్తు చేస్తాను, కోపం వస్తుంది.

నా రాయి పై నుంచి మూడో వంతులో ఒక గింజ ఉంది. శనగగింజంత గులాబీ రంగు రాయి, కోర్ మిషన్ సగానికి కోసేయడంతో లోపలి మెరుపు కూడా కనబడుతుంది. చుట్టూ ఉన్నదంతా పిండిలాంటి మన్ను. దాని కింది నాలుగు పొరలు పరుపు మీద ఎవరో కూర్చున్నట్టు కుంగి ఉన్నాయి. పైపొరలు మాత్రం కుంగలేదు, దుప్పటి కప్పినట్టు గింజ మీద నుంచి పోయాయి. అంటే ఈ గింజ అడుగున దొర్లుకుంటూ రాలేదు. అంత సన్నటి మన్నును కదపని నీళ్లు శనగగింజను మోయలేవు. అది పైనుంచి పడింది. తేలుతూ వచ్చిన మంచుగడ్డ కరిగి, తన కడుపులో మోసుకొచ్చిన రాయిని వదిలేసింది. మా వాడి తురుపుముక్క ఇదే. "మరి ఈ గింజ ఏంది? మంచు సరస్సు కాదంటవా?" అంటాడు. మంచు అని ఒప్పుకుంటాను. సరస్సు అని గింజ చెప్పలేదు. మంచుగడ్డలు సముద్రం మీదా తేలతాయి.

నిజానికి నా మట్టుకు నేను అది మంచినీటి సరస్సే అని అనుకుంటాను. నమ్మకం వేరు, రుజువు వేరు. రుజువు కావాలంటే పచ్చ రాయిని పైనుంచి అడుగు దాకా, వరుస చెడకుండా, కనీసం ఒక్క బోరులోనైనా తీసి పెట్టాలి. ఆ వరుస విలువ నాకు తెలిసొచ్చింది ఒక ముసురు రోజున.

గోదావరి ఒడ్డున ఒక సైట్‌లో కోర్ బాక్సులను రేకుల షెడ్డులో, నడుం ఎత్తు దొంతరలుగా పెట్టేవాళ్లం. నేను నాలుగు రోజుల సెలవు మీద పోయిన వారంలో ఈదురుగాలికి రేకులు లేచిపోయాయి, దొంతరలు కూలాయి. మార్కర్‌తో రాసిన లోతులు నీళ్లలో పోయాయి. నేను వచ్చేసరికి కూలీలు పారలతో ముక్కలను బాక్సుల్లోకి ఎత్తేశారు, ఏ ముక్క ఏ బాక్సుకు పడితే ఆ బాక్సుకు. బొగ్గు, దాని చుట్టూ ఉన్న ఇసుకరాయి వరకు నా నోట్‌బుక్ చూసి మళ్లీ సర్దాను, కొన్నిచోట్ల అందాజాగా. అవును, మా బావ మాటే. పచ్చ రాయికి నోట్‌బుక్‌లో ఒకే ఒక లైన్ ఉండేది. రంగు, రెండున్నర మీటర్లు, బోరు బంద్. దాన్ని సర్దడానికి నా దగ్గర ఏమీ లేదు. సూపర్‌వైజర్ చూసి "దానితోని మనకేం పని?" అన్నాడు. అదంతా దారి గుంతల్లో పోశారు. యామనపల్లి దగ్గర దొరికిన డైనోసార్‌ను హైదరాబాద్ బిర్లా మ్యూజియంలో ఎముక ఎముకా కూర్చి నిలబెట్టారు. పచ్చ రాయి మీద నుంచి మాత్రం మా జీపు పోయింది. గుంతలో పడబోయే ముక్కల్లోంచి గులాబీ గింజ ఉన్నదాన్ని ఒకటి నేను జేబులో వేసుకున్నాను.

అప్పటి నుంచి ఎక్కడ చెరువులో పూడిక తీసినా నాకు ఆ పారలే కనబడతాయి. 2015లో మిషన్ కాకతీయ మొదలైనప్పుడు 46 వేలకు పైగా చెరువులు బాగుచేయాలనుకున్నారు. పూడిక మట్టి పొలాలకు పోయింది, చెరువుల్లో నీళ్లు పెరిగాయి. పూడిక తీయొద్దని చెప్పేవాణ్ని ఏ రైతూ తన గట్టు మీద నిలబడనివ్వడు, నేనూ చెప్పను. నేను అడిగేది బహు చిన్నది. పాత చెరువు శిఖంలో లోతైనచోట, ఒక గుంట కూడా అక్కర్లేదు, మంచమంత జాగా ముట్టుకోకుండా వదిలేయండి. లేదా మట్టి తీసేముందు ఒక పైపు నిలువునా దింపి, ఆ బురద కడ్డీని వరుస చెడకుండా పక్కన పెట్టండి. మంచు దేశాలవాళ్లు 12 వేల ఏళ్ల సరస్సును చదివింది ఇలాంటి కడ్డీల్లోనే. మన చెరువుల అడుగున ఉన్నది 800 ఏళ్ల లెక్క. ఏ కరువుకు శిఖం ఎండి నెర్రెలిచ్చింది, ఏ ఏడు అడవి నరికితే ఎర్రమట్టి దిగింది, వరి పుప్పొడి ఎప్పుడు పెరిగింది. ఇక్కడ సాక్షులందరూ పుట్టే ఉన్నారు. డయాటమ్‌లున్నాయి, రేడియోకార్బన్ పనిచేస్తుంది, శాసనాల్లో తేదీలున్నాయి. ట్రాక్టర్ ట్రాలీలోకి ఎక్కాక పై పొర ఏదో కింది పొర ఏదో దేవుడికి కూడా తెలియదు.

మొన్న మా వాడు మళ్లీ వచ్చాడు. ఈ రాయిని కాలేజీకి తీసుకుపోయి అద్దాల బీరువాలో పెడతానన్నాడు. చీటీ మీద ముందే రాసుకొచ్చాడు, "మంచు సరస్సు, 43 ఏళ్లు" అని. నేను పెన్ను తీసుకున్నాను. వాడు చీటీ లాక్కున్నాడు. చివరికి "ఏళ్లు" వాడే కొట్టేసి "జతలు" అని రాశాడు. "సరస్సు" పక్కన చాలాసేపు ఆగి ప్రశ్న గుర్తు పెట్టాడు. బోరు నంబరు అడిగాడు, తెలియదన్నాను. లోతు అడిగాడు, తెలియదన్నాను.

"మరి దీనిల ఏం తెలుసు రా నీకు?"

గింజ కింద కుంగిన పొరలు చూపించాను. వాడు రాయిని నిలబెట్టి, కాసేపు అటూ ఇటూ తిప్పి చూసి, దాని ఒంటి మీద మార్కర్‌తో ఒక బాణం గీశాడు, పైకి.